భూగోళం పక్కన ఖాళీ చేతులు

మా ఆయన ఆ మాట అన్నప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. ఊదారంగు పట్టు తానులోంచి ఒక గౌనుకు సరిపడా కొలిచి, గోటితో గుర్తు పెట్టుకుని కోయబోతున్నాను.

"ఆ కత్తెర కింద పెట్టు పెర్నెట్. ఇంక నీకు ఈ చాకిరీ ఉండదు" అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు. అందుకే ఏం జరుగుతోందో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ రోజుకి నా దగ్గర ఏమేమి ఉన్నాయో ముందు చెప్పాలి. లియోన్‌లో, సెంట్ నిజియే చర్చి వెనక వీధిలో, మా ఆయన బార్తెలెమీ పేరున ఒక పట్టు కొట్టు ఉంది. అందులో బల్ల వెనక నేను నిలబడే చోటు ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి నిలబడీ నిలబడీ అక్కడ నేలచెక్క నా మడమల కింద గుంట పడింది. పట్టును వేళ్ళ మధ్య నలిపి, బరువు కోసం నేతగాడు దాన్ని తడిపాడో లేదో చెప్పగల చెయ్యి ఉంది. కూతురు అపొలిన్, కొడుకు అంబ్రోజ్ ఇంట్లో ఉన్నారు. ఏడాది నిండని చిన్నకొడుకు లూక్, బ్యుజే అనే కొండల్లో పాలదాది దగ్గర ఉన్నాడు. వాడి ముఖం నాకు సరిగా గుర్తు లేదు. ఇవి కాక పుస్తకాలు చదివే మొగుడు, అన్నీ చూసిన అత్తగారు. వీటిలో దేన్ని లాభంలో వేయాలో దేన్ని నష్టంలో వేయాలో అప్పటికి నాకు తెలీదు.

బార్తెలెమీ చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం భోజనం కాగానే పఠన మండలికి వెళ్ళేవాడు. లాయర్లు, డాక్టర్లు, నాలాంటి భార్యలు కొట్టు చూసుకుంటుంటే తీరిక దొరికిన వర్తకులు అక్కడ చేరి, పారిస్ నుంచి వచ్చిన పుస్తకాలు చదివేవాళ్ళు. రాత్రి భోజనాల దగ్గర ఆయన అవన్నీ మాకు చెప్పేవాడు. మనుషులందరికీ హేతుబుద్ధి పుట్టుకతోనే ఉంటుందట. చదువు చెప్తే దాన్ని ఎంతైనా పెంచొచ్చట. ఇన్నాళ్ళూ రాజులూ పాదిరీలూ మనల్ని చీకట్లో ఉంచారట. సూపు చల్లారిపోయేది, ఆయన ఆపేవాడు కాదు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాటలు నచ్చేవి. గరిటె చేత్తో పట్టుకుని నిలబడి వినేదాన్ని. మనుషులందరూ అంటే అందులో నేనూ ఉన్నాననుకునేదాన్ని. కానీ ప్రతి పుస్తకం చివర్లో ఆడవాళ్ళ అధ్యాయం ఒకటి ఉండేది. స్త్రీకి ప్రకృతి హృదయాన్నిచ్చింది, పురుషుడికి బుద్ధినిచ్చింది, ఆవిడ చోటు ఉయ్యాల పక్కన, ఆయన చోటు ప్రపంచంలో అని. ఆ అధ్యాయం వచ్చేసరికి ఆయన గొంతు మెత్తబడేది. నా వంక చూసి నవ్వేవాడు.

ఆ అధ్యాయాన్నే ఇప్పుడు అమలు చేస్తున్నాడు. జూన్ నెలాఖర్లో వచ్చే సెంట్ జాన్ పండుగ నుంచి తన అక్క కొడుకు గాస్పార్ బల్ల వెనక నిలబడతాడు. నేను పైనింట్లో ఉంటాను. పిల్లలకు తల్లిగా, ఇంటికి వెలుగుగా. దీనికి గుర్తుగా మా కుటుంబాన్ని పెద్ద పటంగా వేయిస్తున్నాడు. పటానికి పేరు కూడా పెట్టేశాడు: 'ఇంట ప్రవేశించిన హేతుబుద్ధి'.

"ఎంత అలిసిపోయావో నాకు తెలీదా? ఇన్నేళ్ళూ నాకెంత సాయం చేశావు" అన్నాడు.

సాయం. ఆ మాటను నేను చాలాసేపు నోట్లో తిప్పుకున్నాను. తలుపులు తీసేది నేను. నేతగాళ్ళతో బేరాలు ఆడేది నేను. మధ్యలో పైకి పరిగెత్తి పొయ్యి మీద కూర మాడకుండా చూసి, ఆ వాసన గౌనుకు అంటకుండా ఏప్రన్ విప్పి, నవ్వు తొడుక్కుని మళ్ళీ కిందకొచ్చేది నేను. సాయంత్రం ఆయన మండలి నుంచి వచ్చి గల్లా తాళం నా చేతిలోంచి తీసుకుని, బాగా గడిచిందా అని అడిగేవాడు. మొత్తం పని ఒక్కరే చేస్తే దాన్ని సాయం అంటారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. పోనీ ఆ పేరైనా ఉండనీ అనుకున్నాను. నన్ను బాధపెట్టింది ఆ పేరు కాదు. ఆ బల్ల లేకపోతే పొద్దున లేచి నేను ఎవర్నో నాకు తెలీదు. పైనింట్లో కిటికీ పక్కన కూర్చుని, కింద గాస్పార్ తప్పుడు రంగులు అంటగడుతుంటే వింటూ ముసలిదాన్నవుతాను. సెంట్ జాన్ పండుగకి ఇంకా వసంతమంతా ఉంది. ఆ లోపల ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో తోచలేదు.

పటానికి కావలసిన సామాను సమకూర్చే పని మాత్రం నాకే పడింది. భూగోళం, కంపాసు, గోడకు తగిలించే దేశపటం, ఒక భూతద్దం. "నీకు బజారంతా తెలుసుగా" అన్నాడు మా ఆయన. బజారంతా తెలిసిన నేను రెండు నదుల మధ్య ఉన్న వీధులన్నీ తిరిగాను. కంపాసు తాపీమేస్త్రీల సామాను కొట్లో దొరికింది. దేశపటం పాత పుస్తకాల వాడి దగ్గర, ఎలుక కొట్టినది దొరికింది. భూగోళం అమ్మే మనిషి ఊళ్ళో లేడు. చివరికి, ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పి చనిపోయిన మాస్టారి భార్య దగ్గర ఒకటి ఉందని తెలిసి, బతిమాలి అద్దెకి తెచ్చాను.

పటం వేయడానికి వచ్చినావిడ పేరు సిదోని. పెళ్ళి కాలేదు, నలభై దాటాయి. చూసి బొమ్మ వేయడానికి మగవాళ్ళని బట్టల్లేకుండా నిలబెట్టే చిత్రకళ బడిలోకి ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి దేవతల బొమ్మలూ యుద్ధాల బొమ్మలూ నేర్చుకోలేదట. కుటుంబాల బొమ్మలే వేస్తుంది. మా ఆయన ఎవరెవరు ఎలా ఉండాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. తండ్రి నిలబడి భూగోళం మీద వేలు పెట్టి కొడుక్కి పాఠం చెప్తుంటాడు. కొడుకు తలెత్తి చూస్తుంటాడు. కూతురు కింద కూర్చుని బొమ్మ పట్టుకుని ఉంటుంది. తల్లి పక్కన కుర్చీలో, ఒళ్ళో పసివాడితో, తండ్రి వంక చూస్తుంటుంది.

పసివాడంటే లూక్ కావాలి. మా వీధిలో కొట్లున్న ఇళ్ళన్నీ పిల్లలు పుట్టిన రెండో రోజో మూడో రోజో కొండలకు పంపేస్తాయి. బల్ల వెనక నిలబడే తల్లికి పాలివ్వడానికి తీరిక ఉండదు కదా. లూక్‌ని తీసుకెళ్ళిన బండి వాడు పుట్టిన మర్నాడు మధ్యాహ్నమే బయల్దేరింది. బండివాడిని మాట్లాడింది మా ఆయన, గుడ్డలు మూట కట్టింది మా అత్తగారు. నన్నెవరూ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. పక్కింటివాళ్ళ పిల్లా అదే బండిలో వెళ్ళింది.

కబురు పెడితే పాలదాది బెన్వాత్ వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కొత్తమనిషిని చూసినట్టు చూసి, గుక్కపట్టి ఏడ్చాడు. ఎత్తుకున్నా ఆగలేదు, ఊపినా ఆగలేదు. చేతులు రెండూ బెన్వాత్ వైపు చాచాడు.

"చూశావా?" అన్నాడు బార్తెలెమీ నెమ్మదిగా. "బల్ల వెనక నిలబడితే జరిగేది ఇదే. నేను చెప్తూనే ఉన్నాను."

ఎప్పుడు చెప్పాడో నాకు గుర్తు రాలేదు. మూలన కూర్చున్న మా అత్తగారు అల్లికలోంచి తలెత్తకుండానే, "నేను అయిదుగుర్ని పంపానురా. ఇద్దరు తిరిగొచ్చారు. నువ్వు చదివే ఆ పుస్తకం అప్పటికింకా రాయలేదు మరి" అంది.

చివరికి బెన్వాత్ తెర వెనక కూర్చుని వాడికి పాలిచ్చి నిద్రపుచ్చి, నిద్రపోయాక తెచ్చి నా చేతుల్లో పెట్టేది. వాడు లేచేలోపల సిదోని గబగబా గీసుకునేది. పటంలో నేను ఎంతో వాత్సల్యంతో పసివాణ్ణి చూసుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి వాడు ఎక్కడ కళ్ళు తెరుస్తాడో అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. వాడి బరువు మాత్రం నిజం. ఆ బరువు నాకు నచ్చింది. ఎవరి పటం కోసమైతేనేం, నా కొడుకుని నేను అంతసేపు ఎత్తుకోవడం అదే మొదలు.

పిల్లవాడు మధ్యలోనే లేచి ఏడిస్తే బెన్వాత్ ఎత్తుకెళ్ళిపోయిన ఒక రోజు సిదోని నా వంక చూసి కుంచె దించింది.

"చేతులు ఒళ్ళో పెట్టుకోండమ్మా. ఖాళీగా. పసివాడు తప్ప చేతుల్లో ఇంకేమీ ఉండకూడదని మీవారు మరీ మరీ చెప్పారు."

"ఖాళీగానే ఉన్నాయిగా."

"లేవు. మీరు గౌను అంచు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతున్నారు. ఏదో బేరం ఆడుతున్నట్టుంది."

ఇద్దరం నవ్వాం. అప్పుడు అడిగాను, ఇలాంటి పటాలు చాలా వేశారా అని. ఈ ఏడాది అందరికీ ఇదే కావాలంది. తండ్రి, కొడుకు, మధ్యలో గ్లోబు. "ఒకప్పుడు కుక్కని వేయమనేవాళ్ళు. ఇప్పుడు గ్లోబు. హేతుబుద్ధి లోపల ఉందో లేదో గానీ బల్ల మీద మాత్రం ఉండి తీరాలి. చిక్కేమిటంటే ఒక్కరి దగ్గరా గ్లోబు ఉండదు. పోయినసారి గుమ్మడికాయని ఎదురుగా పెట్టుకుని వేశాను. పటం వేయించుకున్న నోటరీగారు దాన్ని చూసి ఆఫ్రికా ఎంత బాగా వచ్చిందో అన్నారు."

మళ్ళీ నవ్వాం. కానీ నవ్వుతున్న నా లోపల ఏదో ఆగి, చెవి రిక్కించింది. కొట్లో నిలబడినన్నాళ్ళూ నాకు అబ్బిన గుణం ఒకటుంది. మనిషి ఏం కొన్నాడన్నది కాదు, ఏం దొరక్క వట్టి చేతుల్తో వెళ్ళాడన్నది నాకు గుర్తుంటుంది.

పటం కోసం కూర్చునే వేళల మధ్య విరామంలో అపొలిన్ బొమ్మను కింద పడేసి భూగోళం దగ్గరికి వెళ్ళేది. సముద్రం ఇంత ఎక్కువుంటే నీళ్ళు కిందకి ఎందుకు కారిపోవు అని వాళ్ళ నాన్ననడిగింది. ఆయన మంచి ప్రశ్న అన్నాడు. అని, అంబ్రోజ్ వైపు తిరిగి జవాబు వాడికి చెప్పాడు. అంబ్రోజ్ అప్పుడు ఈగని చూస్తున్నాడు. నా కూతురు పక్కనుంచి మొత్తం వింది. వినడం అయ్యాక మళ్ళీ కింద కూర్చుని బొమ్మని చేతిలోకి తీసుకుంది, ఆ కాగితంలో రాసినట్టు.

సెంట్ జాన్ పండుగ ముందు రోజు పటాన్ని ముందుగదిలో వేలాడదీసి, మండలివాళ్ళని భార్యలతో సహా పిలిచాడు బార్తెలెమీ. పటం బాగుంది. కిటికీలోంచి వచ్చే వెలుగు మా ఆయన నుదుటి మీద పడి, భూగోళం మీదికి జారి, అంబ్రోజ్ ముఖం దాకా వచ్చి ఆగింది. నా దాకా వచ్చేసరికి కాస్త పలచబడింది. నా చేతులు ఎంత మెత్తగా, ఎంత పనికిమాలినవిగా ఉన్నాయో! అవి ఎవరివో నాకు తెలీదు. మా ఆయన గ్లాసు ఎత్తి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

"ఈ రోజు నుంచి నా వ్యాపారంలో నా భార్యకు ఏ పాలూ లేదు. ఆవిడ రాజ్యం ఇల్లు. ఇందరు పెద్దల ముందు చెప్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఈ మాట వినగానే ఏడుపొస్తుందేమో అని పొద్దుట్నుంచీ భయపడుతున్నాను. రాలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఒక లాయరుగారి భార్య నన్ను పక్కకు లాగి, ఆ గ్లోబు ఎక్కడ కొన్నారో చెప్పమని అడుగుతోంది. ఆవిడ వదలగానే డాక్టరుగారి చెల్లెలు వచ్చింది. వాళ్ళాయనకీ ఇలాంటి పటమే కావాలట, కానీ పిల్లలకు అక్షరాలు నేర్పే బిళ్ళలు, ముక్కలు కలిపి పేర్చే దేశపటాలు కూడా పెడదామనుకుంటున్నారట, అవి ఎక్కడ దొరుకుతాయి? పటంలో హేతుబుద్ధిని చూసి వెళ్ళినవాళ్ళందరూ ఇంటికెళ్ళే దారిలో దాన్ని ఎక్కడ కొనుక్కోవాలో తెలీక ఇబ్బంది పడుతున్నారు.

అతిథులు వెళ్ళాక వంటింట్లో గ్లాసులు తుడుస్తుంటే మా అత్తగారు వచ్చి బల్ల పక్కన కూర్చుంది. మా మామగారు పోయాక ఈ కొట్టుని ఇరవయ్యేళ్ళు తన పేరున నడిపిన మనిషి ఆవిడ.

"మనకి మొగుడు పోతేగానీ తలుపు మీద పేరు రాదే అమ్మాయ్" అంది. "వాడు నా కొడుకు, నిండు నూరేళ్ళూ బతకాలి. అందుకని నీకింకో దారి చెప్తాను. నువ్వు వాడి పట్టు అమ్మినంతకాలం నువ్వు వాడి చెయ్యివి. చేతికి పేరుండదు. వాడిది కాని సరుకు, వేరే గుమ్మంలో, వాడి ఒప్పుదలతో అమ్మితే నిన్ను బహిరంగ వర్తకురాలంటారు. అప్పుడు నీ సంతకం నీదే. ఆ వీధి చివర కొవ్వొత్తులావిడ అలాగే చేస్తోంది. నాకు సంగతి తెలిసేసరికి మీ మామగారు పోయాడు, అవసరం తీరిపోయింది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు వెళ్ళిపోతే కొట్టు ఎవరు చూస్తారే? ఇవాళ వాడే అందరి ముందూ నిన్ను వదిలేశాడు. ఇంక నాదేం పోయింది?" మళ్ళీ తనే అంది, "ఒకటి మాత్రం తెలుసుకో. అప్పుడు నిన్ను కోర్టుకీడుస్తారు. అప్పు తీర్చకపోతే జైల్లో కూడా పెట్టొచ్చు."

"ఇప్పుడు పెట్టరా?"

"ఇప్పుడు నిన్ను ఎవరు లెక్కలోకి తీసుకున్నారని?"

పొద్దున కాఫీ ఇస్తూ మా ఆయన్ని అడిగాను. నాకు చదువు సామాను అమ్మే చిన్న కొట్టు పెట్టుకోవాలనుంది, పెళ్ళికి ముందే మా పిన్ని నా పేర రాసిన సొమ్ముంది, మీరు నోటరీ దగ్గర ఒప్పుదల ఇస్తే చాలన్నాను. ఆయన కప్పు దించాడు.

"నిన్ననే కదా పెర్నెట్, ఇల్లే నీ రాజ్యమని అందరి ముందూ చెప్పాను."

"మీ వ్యాపారంలో నాకు పాలు లేదని చెప్పారు. నేనూ విన్నాను. ఇది మీ వ్యాపారం కాదుగా. మనుషులందరికీ హేతుబుద్ధి ఉంది, చదువు చెప్తే పెరుగుతుందని మీరే అన్నారు. ఊళ్ళో ఒక గ్లోబు దొరకడం లేదు. మరి ఎలా పెరుగుతుందండీ?"

ఆయన ఆలోచించాడు. నేను మాట్లాడలేదు. బేరంలో ఎదుటివాడు ఆలోచిస్తున్నప్పుడు నోరు మెదపకూడదు. చివరికి ఆయన ముఖం విచ్చుకుంది.

"పిల్లలకి అక్షరాలు నేర్పే సామాను. అంటే ఇదీ తల్లి పనే. ఉయ్యాలకి పొడిగింపు లాంటిది" అన్నాడు. ఆ మాట మండలిలో ఎలా చెప్పాలో అప్పుడే సర్దుకుంటున్నాడని నాకు అర్థమైంది. అలాగే అనుకోనిచ్చాను. ఆయన ఏమనుకుని సంతకం పెడితే నాకేం, సంతకం పెట్టాడు. పైగా, నష్టమొస్తే తనకు ఎలాంటి బాధ్యతా లేదని ఒక వాక్యం ప్రత్యేకంగా రాయించుకున్నాడు. నోటరీ ఆ వాక్యం చదువుతుంటే నాకు నవ్వాగలేదు. ఆయన తనని తాను కాపాడుకున్నాననుకున్నాడు. నాకేమో ఎవరో తలుపు గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.

వీధి చివర, మెట్ల కింద ఒక ఇరుకు గది దొరికింది. వెలుతురు తక్కువ, చెమ్మ ఎక్కువ. పారిస్ నుంచి గ్లోబులు, దేశపటాలు తెప్పించాను. అక్షరాల బిళ్ళలు మా వీధి వడ్రంగి చేత చేయించాను. లూక్‌ని తిరిగి కొండకు పంపలేదు. బెన్వాత్ తన పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాక వాడు చాలా రోజులు ఆవిడ కోసం ఏడ్చి, తర్వాత గ్లోబుల పెట్టెల్లో వచ్చే గడ్డితో ఆడుకోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళకి ఏ దేశం ఎక్కడుందో చూపించే పని అపొలిన్‌ది. ఒకాయన రష్యా ఇక్కడెందుకుందని వాదించాడు. అది ఓపిగ్గా విని, ఇంకో గ్లోబులో కూడా అక్కడే ఉందండీ, చూసుకోండి అంది.

ముందుగదిలో పటం అలాగే ఉంది. దాని గురించి నాకు కోపమేమీ మిగల్లేదు. అది చూడ్డానికి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ మా ఆయనే స్వయంగా మెట్లు దింపి నా కొట్టు వైపు చెయ్యి చూపిస్తున్నాడు. సిదోని అయితే తన పటాలు వేయించుకునేవాళ్ళందర్నీ ముందు నా దగ్గరికి పంపిస్తోంది. ఇంతమంచి బోర్డు ఊళ్ళో ఇంకే కొట్టుకీ లేదు. ఒకసారి నేతగాడు తడిపిన పట్టుని గాస్పార్ కొని మోసపోయాక, వచ్చి ఒక్కసారి చెయ్యేసి చూడమని మా ఆయన మొహమాటంగా అడిగాడు. వెళ్ళి చూశాను. ఇప్పుడు అప్పుడప్పుడూ వెళ్తాను, రుసుము తీసుకుని.

ఆ చలికాలం పారిస్ నుంచి వచ్చిన పెట్టె ఒకటి తెరిస్తే గ్లోబులన్నీ పగుళ్ళు తీసి ఉన్నాయి. దారిలో తడిశాయని నేను, మంచిగానే పంపామని వాళ్ళు. పంపినవాళ్ళ తరఫు మనిషి ఒకడు పొడుగ్గా, తడి కోటుతో నా గదిలోకి వంగి వచ్చి గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. సరుకు దించుకున్నారు కాబట్టి నష్టం మీదేనన్నాడు. వర్తకుల కోర్టుకి లాగుతానన్నాడు. నేనూ ఊరుకోలేదు. అరుపులు విని బార్తెలెమీ తన కొట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఏమిటి సంగతి, నాతో చెప్పండి అన్నాడు.

"మీరెవరండీ?"

"నేను ఈవిడ భర్తని."

"అయితే మీకు సంబంధం లేదు. కాస్త పక్కకి జరగండి" అని, ఆ మనిషి మళ్ళీ నా వైపు తిరిగి అరవసాగాడు.

నన్ను. నా ముఖంలోకి చూసి. ఇంకెవరి కోసమూ వెతక్కుండా. భుజాల మీద ఎప్పట్నుంచో ఉన్న బరువేదో దిగినట్టయి, నాకు కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. బేరం మధ్యలో ఉంది.

వర్తకుల కోర్టు సగం నష్టం వాళ్ళది, సగం నాది అని తేల్చింది. ఏడాది చివర లెక్క చూసుకుంటే గది అద్దె, సరుకు ఖర్చు పోను పెద్దగా ఏమీ మిగల్లేదు. మా ఆయన జాలిపడ్డాడు. మా అత్తగారు మాత్రం కోర్టు కాగితాన్ని దీపం దగ్గర పెట్టి, కింద ఉన్న సంతకాన్ని చాలాసేపు చూసింది. సగం నష్టం నాదేనని ఒప్పుకుంటూ, పెర్నెట్ అని నేనే పెట్టిన సంతకం అది. పెళ్ళయ్యాక నా పేరున వచ్చిన మొదటి ఆస్తి ఆ నష్టమే.